కట్ట మీద కట్ట వేస్తే కాయ నిండుతుందా?

పదును వాన ఒక్కటి పడితే చాలు, కనిగిరిలో ఎరువుల కొట్ల ముందు సందడి మొదలవుతుంది. పామూరు, వెలిగండ్ల, చంద్రశేఖరపురం, హనుమంతునిపాడు దారుల్లో ఆటోలకెక్కే కట్టల్లో ముందుగా కనిపించేది యూరియా. కారణం వెతకనక్కర్లేదు. నలభై ఐదు కిలోల యూరియా కట్ట రూ.266.50. యాభై కిలోల డీఏపీ కట్ట రూ.1,350. పైగా యూరియా చల్లిన నాలుగైదు రోజులకే చేను కళ తిరుగుతుంది. గట్టు మీద నిలబడి చూసే రైతుకు అంతకంటే పెద్ద భరోసా ఏముంటుంది? 2025 వానాకాలంలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ యూరియా కోసం రైతులు తెల్లవారకముందే బారులు తీరారంటే, ఆ తెల్లటి గుళికల మీద సేద్యం ఎంతగా ఆధారపడిపోయిందో తెలుస్తుంది.

అయితే చేను పచ్చబడటం వేరు, కాటా మీద బరువు తూగటం వేరు. ఈ రెంటి మధ్య ఉన్న దూరం ఎక్కడెక్కడ పెరుగుతుందో తెలుసుకుంటే ఎరువు ఖర్చులో చాలా భాగం మిగులుతుంది. అందుకు మన ప్రాంతంలో పండని ఒక పంట మంచి సాక్ష్యం చెబుతుంది. అది అవిసె.

గుండెకు మంచిదని, షుగరుకు మంచిదని ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ కొని పొడి కొట్టుకుంటున్న అవిసె గింజలు మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, విదర్భ, జార్ఖండ్ వైపు చలికాలంలో పండుతాయి. తెలుగు నేలకు ఇది పూర్తిగా కొత్త పంటేమీ కాదు. నిజాం పాలనలోని హైదరాబాద్ రాజ్యంలో అవిసె చెప్పుకోదగ్గ నూనెగింజ పంట. అదే మొక్క కాండం నుంచి తీసే నారతో యూరప్‌లో లినెన్ బట్ట నేస్తారు. ఫ్రాన్స్‌లోని నార్మండీ, పొరుగు దేశం బెల్జియం నార అవిసెకు పెట్టింది పేరు. గింజ కోసమైనా, నార కోసమైనా అవిసె రైతులందరికీ అనుభవంలోకి వచ్చిన సంగతి ఒకటుంది: ఈ పంట ఎరువును ఒక హద్దు దాకానే ఒప్పుకుంటుంది.

నత్రజని తగినంత అందితే అవిసె మొక్క కొమ్మలు వేస్తుంది, పూత పెరుగుతుంది, కాయలు ఎక్కువవుతాయి. అంతవరకూ లాభమే. హద్దు దాటితే సన్నటి కాండం ఏపుగా సాగి, తన బరువు తానే మోయలేక గాలివానకు నేల మీద పడుకుంటుంది. పడిన చేను ఆలస్యంగా, ఎగుడుదిగుడుగా పండుతుంది. గింజలో మాంసకృత్తులు పెరిగి నూనె శాతం తగ్గుతుంది. నూనె కోసం వేసిన పంటకు ఇది సూటిగా తగిలే దెబ్బ. నార పంటకైతే నష్టం ఇంకా ఎక్కువ. నార అవిసెను కొమ్మలు రాకుండా, సన్నగా నిటారుగా పెరిగేలా ఒత్తుగా విత్తుతారు. నత్రజని మించితే చేను పడిపోతుంది, నార నాణ్యత దిగజారుతుంది. అందుకే అక్కడి రైతులు నత్రజనిని ఎంతో పొదుపుగా వాడతారు.

భాస్వరం విషయంలో అవిసె తీరు మరీ విచిత్రం. మట్టిలోని మైకోరైజా అనే శిలీంధ్రం దీని వేళ్లకు అతుక్కుని, వేరు చేరలేని చోటి నుంచి భాస్వరాన్ని తెచ్చి ఇస్తుంది. ఆవ జాతి పంటలు ఈ శిలీంధ్రానికి ఆశ్రయం ఇవ్వవు. కాబట్టి ఆవాల తర్వాత వేసిన అవిసె చాలాచోట్ల మొదట్లో గిడసబారుతుంది. ముందు పంట ఏమిటన్నది కూడా ఎరువు లెక్కలో భాగమేనన్నమాట. ఇక భాస్వరం అతిగా వేస్తే జింకు లోపం తోసుకొస్తుంది. జింకు లోపాన్ని అవిసె అసలు తట్టుకోలేదు. చివరి చిగురు మాడిపోయి మొక్క అక్కడికక్కడే ఆగిపోతుంది. విత్తనం పక్కనే, దాన్ని తాకేలా ఎరువు పడితే లేత మొలక చచ్చిపోతుంది. అవిసెలో ఇదీ తరచూ జరిగే నష్టమే.

ఇప్పుడు కనిగిరి నేలకు వద్దాం. ఇక్కడ అవిసె లేదు గాని, అవిసె చెప్పిన ప్రతి సంగతీ కందిలో, పత్తిలో, పొగాకులో మరో రూపంలో కనిపిస్తుంది.

కనిగిరి చుట్టూ చాలా భాగం ఎర్ర ఇసుక గరువులు. గుంటూరు వైపు నల్లరేగడిలా ఇవి తేమను పట్టి ఉంచలేవు. వేసిన పోషకాన్నీ ఎక్కువ రోజులు దాచలేవు. వాన తీరు కూడా నమ్మదగ్గది కాదు. నైరుతిలో చినుకు చూపించి మొహం చాటేస్తుంది, అక్టోబరు నవంబరుల్లో తుపాను పేరుతో ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. ఎండిన నేల మీద చల్లిన యూరియా కొంత అమ్మోనియా వాయువై గాలిలో కలిసిపోతుంది. కుండపోత వాన ముందు చల్లితే నత్రజని నైట్రేటుగా కరిగి వేళ్లకు అందని లోతుకు జారిపోతుంది. రెండు విధాలా పోయేది రైతు డబ్బే. నేలలో పదును ఉండగా, మొక్కకు జానెడు దూరంలో పాది తీసి వేసి మట్టి కప్పితే అదే యూరియా చాలావరకు పంటకు చేరుతుంది. కూలి ఖర్చుకు భయపడి చాలామంది చల్లేసి ఊరుకుంటున్నారు. మిగిలిన కూలి డబ్బుతో పాటు పోయిన నత్రజనినీ లెక్కలో వేసుకోవాలి. 2015లో కేంద్రం యూరియాకు వేపపూత తప్పనిసరి చేసింది. నత్రజని నెమ్మదిగా నైట్రేటుగా మారాలన్నది ఆ పూత ఉద్దేశం. పూత ఉంది కదా అని పొడి నేల మీద చల్లితే మాత్రం ఫలితం ఉండదు.

మెట్టలో ఎక్కువగా కనిపించే కందినే తీసుకుందాం. వ్యవసాయ విశ్వవిద్యాలయం కందికి చెప్పే మోతాదు ఎకరాకు 8 కిలోల నత్రజని, 20 కిలోల భాస్వరం. ఒక్క డీఏపీ కట్టలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. అంటే విత్తేటప్పుడు కట్టకు కాస్త తక్కువ డీఏపీ వేస్తే కందికి కావలసిన రెండూ అందినట్టే. ఆ తర్వాత యూరియా పని లేదు. కందికి సొంత ఎరువు కర్మాగారం వేళ్ల మీదే ఉంది. నెలన్నర వయసున్న మొక్కను పదునులో జాగ్రత్తగా పారతో లేపి, వేళ్లను నీళ్లలో కడిగి చూస్తే గుండ్రటి బుడిపెలు కనిపిస్తాయి. గోరుతో ఒకదాన్ని చిదిమితే లోపల లేత గులాబీ రంగు ఉండాలి. ఉంటే అందులోని రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తున్నట్టు లెక్క. తెల్లగానో, ఆకుపచ్చగానో ఉంటే ఆ బుడిపె పని చేయడం లేదు. యూరియా ఎక్కువ పడితే మొక్క సుఖం మరిగి ఈ బుడిపెలు తగ్గిపోతాయి. ఆకు గుబురుగా పెరుగుతుంది, పూత మాత్రం వెనకబడుతుంది. విత్తేముందు విత్తనానికి రైజోబియం పట్టించడానికి అయ్యే ఖర్చు యూరియా కట్ట ముందు చాలా స్వల్పం. అయినా దాన్ని అడిగి కొనే రైతులు తక్కువే. ఇది మారాలి.

డీఏపీకి బదులు సింగిల్ సూపర్ ఫాస్ఫేటు వాడితే మరో మేలు ఉంది. అందులో 16 శాతం భాస్వరంతో పాటు 11 శాతం గంధకం ఉంటుంది. నూనెగింజలకు, పప్పు ధాన్యాలకు గంధకం లేకపోతే నూనె, మాంసకృత్తులు రెండూ కుంటుపడతాయి. నువ్వు వేసే రైతు కూడా ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఒక డీఏపీ కట్టకు బదులు మూడు కట్టలు మోయడం బరువని సూపర్‌ను వదిలేసి ఏళ్లు గడిచాక చాలా నేలల్లో గంధకం లోపం బయటపడింది.

పత్తి దగ్గరకొస్తే లెక్క మారుతుంది. పత్తి నత్రజనిని బాగా తినే పంట. హైబ్రిడ్ పత్తికి ఎకరాకు 60 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం, 24 కిలోల పొటాష్ సిఫారసు. కట్టల్లో చెప్పుకుంటే ఆఖరి దుక్కిలో ఒక కట్ట డీఏపీతో భాస్వరం దాదాపు పూర్తవుతుంది, నత్రజని 9 కిలోలు వస్తుంది. మిగతా 51 కిలోల నత్రజనికి సుమారు 111 కిలోల యూరియా కావాలి. అంటే రెండున్నర కట్టలు. పొటాష్ కోసం మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 40 కిలోలు. యూరియాను 20, 40, 60, 80 రోజులప్పుడు నాలుగు భాగాలుగా వేయాలి, ఒక్కో దఫా 28 కిలోల లోపు. పొటాష్‌ను కూడా దఫాలుగా ఇస్తే కాయ ఊరే సమయంలో అందుతుంది. ఇది తడి భరోసా ఉన్న చేలకు సరిపోయే లెక్క. వాన మీదే ఆధారపడిన ఎర్ర నేలలో వాన చూసి దఫాలు తగ్గించుకోవాలి. వాన రాకపోతే ఆ దఫా మానుకోవడమే లాభం.

రెండున్నర కట్టల చోట ఐదు కట్టలు పడితే ఏమవుతుందో ఈ ప్రాంత రైతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆకు నల్లపచ్చగా, మెత్తగా, రసంతో ఉబ్బుతుంది. పచ్చదోమకు, తెల్లదోమకు అంతకంటే విందు లేదు. చేను గుబురై గాలి, వెలుతురు లోపలికి పోవు. అడుగు కాయలు కుళ్లుతాయి. కాపు ఆలస్యమై చివరి కాయలు పురుగుకు చిక్కుతాయి. 1980ల నడుమ గుంటూరు, ప్రకాశం పత్తిని తెల్లదోమ ఊడ్చిపెట్టింది. ఆ విపత్తుకు మొదటి కారణం సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులను అదుపు లేకుండా కొట్టడమే. నత్రజని అతిగా తిని గుబురుగా పెరిగిన పత్తి ఆ దోమకు మరింత అనువైన చోటైంది. 1987లో అప్పులపాలైన పత్తి రైతులు ఇక్కడ ప్రాణాలు తీసుకున్నారు. ఎరువు లెక్కను పొలం గట్టు దాటి కుటుంబం దాకా చూడాలని చెప్పే చరిత్ర అది.

మిరపలోనూ ఇదే వరస. 2021-22లో గుంటూరు, ప్రకాశం మిరప తోటల మీద కొత్త రకం నల్ల తామర పురుగు విరుచుకుపడినప్పుడు శాస్త్రవేత్తలు ఇచ్చిన సలహాల్లో యూరియా తగ్గించడం ఒకటి.

పత్తిలో ఇంకో మాయ ఉంది. కాయ పట్టే వేళకు అడుగు ఆకులు ఎర్రబారతాయి. చూడగానే బలం తగ్గిందని మరో యూరియా దఫా వేసేవాళ్లు ఎక్కువ. ఆకును చేతిలోకి తీసుకుని ఎండకెదురుగా పెట్టి చూడాలి. ఈనెలు పచ్చగా ఉండి, ఈనెల మధ్య భాగమే ఎర్రగా మారితే అది మెగ్నీషియం లోపం. ఎంత యూరియా పోసినా పోదు. లీటరు నీటికి 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ కలిపి 45, 75 రోజులప్పుడు పిచికారీ చేస్తే సర్దుకుంటుంది. ఆకు అంచుల నుంచి పసుపెక్కి, ఎర్రబడి, ముడుచుకుంటే అది పచ్చదోమ పని. అప్పుడు చూడాల్సింది ఆకు అడుగున. పూత, పిందె రాలుతూ కాయలు వంకరపోతుంటే బోరాన్ లోపమేమో చూడాలి. దానికి లీటరుకు 1.5 గ్రాముల బోరాక్స్ 60, 90 రోజులప్పుడు. కొద్ది ఖర్చుతో తీరే లోపానికి వందల రూపాయల యూరియా వేసి, దోమను పిలిచి, దోమకు మళ్లీ మందు కొట్టే దారిలో పడిపోవడం ఏటా కనిపిస్తూనే ఉంది.

జర్మనీలో కార్ల్ స్ప్రెంగెల్ 1828 ప్రాంతంలో చెప్పి, యూస్టస్ ఫాన్ లీబిగ్ 1840 తర్వాత లోకమంతా చాటిన సూత్రం ఇదే. పంట ఎదుగుదల అన్నిటికంటే తక్కువగా ఉన్న పోషకం దగ్గర ఆగిపోతుంది. మిగతావి ఎన్ని కుమ్మరించినా ఆ ఒక్కటీ అందేవరకు దిగుబడి కదలదు. మెట్ట సేద్యంలో ఆ తక్కువైనది చాలాసార్లు నీరే.

ఎరువు పరిమాణం ఒక ఎత్తు, ఎరువు రూపం ఒక ఎత్తు. రూపం ఎంత ముఖ్యమో తెలియాలంటే కనిగిరి పొగాకు వేలం కేంద్రం చాలు. ఇక్కడి తేలిక నేలల్లో అక్టోబరు నవంబరుల్లో నాటే వర్జీనియా పొగాకులో రైతు తూకంతో పాటు ఆకు రంగును, మందాన్ని, కాలే తీరును అమ్ముకుంటాడు. నత్రజని మించితే ఆకు మొద్దుబారి ముదురు పచ్చగా ఉండిపోతుంది, సకాలంలో పండదు, నికోటిన్ పెరుగుతుంది. బ్యారన్‌లో ఎంత జాగ్రత్తగా క్యూరింగ్ చేసినా నిమ్మపండు రంగు రాదు. కట్ట బరువు తూగుతుంది గాని గ్రేడు పడిపోతుంది. తక్కువైతే ఆకు పలచబడి బరువు రాదు. ఇక పొటాష్. పత్తికి వేసే మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌నే పొగాకుకు వేస్తే అందులోని క్లోరైడు ఆకులో చేరుతుంది. ఆకులో క్లోరైడు ఒకటిన్నర శాతం మించితే అది సరిగా కాలదు, తేమ పీల్చుకుని మెత్తబడుతుంది. అందుకే పొగాకుకు సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడమని రాజమహేంద్రవరంలో 1947లో మొదలైన కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ చెబుతూ వచ్చింది. కనిగిరి వైపు చాలా బోర్లలో నీళ్లు ఉప్పగా ఉంటాయి. నీటితోనే క్లోరైడు వస్తున్న చోట ఎరువుతో మరికొంత కలపడం కోరి నష్టం తెచ్చుకోవడమే.

పాత రైతులు ఈ లెక్కలేవీ రాసుకోలేదు. అయినా వాళ్ల దగ్గర ఒక పద్ధతి ఉండేది. వేసవిలో కోతలైన చేలల్లో గొర్రెల మంద కట్టించుకునేవారు. నెల్లూరు జాతి గొర్రెలకు పుట్టినిల్లైన ఈ సీమలో రాత్రికి ఇంత అని ఇచ్చి, మందను చేనులో ఒక్కో చోటికి మారుస్తూ పడుకోబెట్టేవారు. పేడ, మూత్రం రెండూ నేలలోకే పోయేవి. చెరువు ఎండగానే పూడికమట్టి బండ్ల మీద తోలేవారు. జనుము, పిల్లిపెసర వేసి పూత దశలో కలియదున్నేవారు. జనుము కూడా అవిసె లాగే నార పంట. నారకు పెంచాల్సిన మొక్కను నేలకు మేతగా ఇవ్వడం మన సేద్యం కనుక్కున్న మంచి ఉపాయాల్లో ఒకటి. ఎర్ర ఇసుక నేలలో సేంద్రియ పదార్థం పెరిగితే తేమ నాలుగు రోజులు ఎక్కువ నిలుస్తుంది, వేసిన యూరియా జారిపోకుండా ఆగుతుంది. 2016 నుంచి రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో నడుస్తున్న ప్రకృతి సేద్యం ఘన జీవామృతం, నవధాన్యాల రూపంలో ఈ దారినే మళ్లీ పట్టింది. కట్ట ఎరువు పూర్తిగా మానేయడమా, కొంత వాడటమా అన్నది రైతు తన నేలను బట్టి తేల్చుకోవాల్సింది. జీవం లేని ఎర్ర నేలలో కట్ట ఎరువు ఒక్కటే పనిచేయదన్నది మాత్రం ఖాయం.

యూరియా వైపు ఒరిగిన ఈ అసమతూకానికి రైతునొక్కణ్నే తప్పుపట్టడం అన్యాయం. 2010 ఏప్రిల్ నుంచి భాస్వరం, పొటాష్ ఎరువులకు పోషకాల ఆధారంగా సబ్సిడీ విధానం వచ్చింది. వాటి ధరలు పెరిగాయి. యూరియాను ఆ విధానంలో చేర్చకుండా పాత అదుపులోనే ఉంచారు. ఒకటి చవక, మరొకటి ప్రియం అయినప్పుడు చేతిలో డబ్బు తక్కువున్న మెట్ట రైతు దేనివైపు చేయి చాపుతాడో చెప్పాలా? ధరల్లోని ఈ వంకర సరిచేయకుండా సమతుల ఎరువుల మీద ఎన్ని సభలు పెట్టినా ఫలితం అంతంతే.

రైతు చేతిలో ఉన్న పని ఒకటుంది, అది మట్టి పరీక్ష. 2015 ఫిబ్రవరిలో మొదలైన భూసార కార్డు పథకం కింద 12 అంశాలు పరీక్షించి చెబుతారు. కార్డు విలువ నమూనా తీసిన తీరు మీద ఉంటుంది. గట్టు పక్కన, చెట్టు నీడన, పెంటకుప్ప వేసిన చోట తీస్తే కార్డు అబద్ధం చెబుతుంది. ఎకరంలో ఎనిమిది పది చోట్ల వంకరటింకరగా నడుస్తూ, ఆరు అంగుళాల లోతున ఇంగ్లీషు ‘వి’ ఆకారంలో గుంట తీయాలి. పక్క గోడ నుంచి పైనుంచి కిందికి ఒకే మందంలో మట్టి పలక గీయాలి. అన్నీ కలిపి, రాళ్లూ వేళ్లూ ఏరి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు పారేస్తూ అరకిలో మిగిల్చి నీడన ఆరబెట్టాలి. ఎరువుల సంచిలో మాత్రం పెట్టకూడదు, అందులో మిగిలిన పొడే పరీక్షను పాడుచేస్తుంది.

కార్డులో సేంద్రియ కర్బనం, జింకు, గంధకం గడులు ముందు చూడండి. జింకు తక్కువుంటే జింకు సల్ఫేట్‌ను భాస్వరం ఎరువుతో కలిపి వేయకండి, రెండు మూడు రోజులు ఎడం ఇవ్వండి. కార్డు చదవడం కష్టమైతే దర్శి కృషి విజ్ఞాన కేంద్రంలోనో, మీ ఊరి రైతు సేవా కేంద్రంలోనో అడగండి. పంట కోసిన తర్వాత, తొలకరి దుక్కికి ముందు ఏప్రిల్, మే నెలలు నమూనా తీయడానికి సరైన అదను. ఈ వేసవిలో ఎరువుల కొట్టుకు వెళ్లేముందు అరకిలో మట్టి పట్టుకుని పరీక్షకు వెళ్లిరండి.